కుందేటి కొమ్ము, కుందేటి మూత్రపిండం

భారతీయ తర్కశాస్త్రంలో కుందేలుకు దక్కిన స్థానం విచిత్రమైనది. లేని వస్తువుకు ఉదాహరణ కావలసి వచ్చినప్పుడల్లా నైయాయికులు, మీమాంసకులు, బౌద్ధులు కూడా కుందేటి కొమ్మునే ముందుకు తెచ్చారు. ఆకాశపుష్పం, గొడ్రాలి కొడుకు వంటి మాటల సరసన శశవిషాణం, అంటే కుందేటి కొమ్ము, ఏ కాలంలోనూ ఏ చోటా ఉండనిదానికి, శాస్త్ర పరిభాషలో అత్యంతాభావానికి, గుర్తుగా నిలిచిపోయింది. కుమారిలభట్టు శ్లోకవార్తికంలో అభావాన్ని నాలుగు విధాలుగా విడదీసినప్పుడు అత్యంతాభావానికి చూపిన ఉదాహరణ కూడా ఇదే. తలమీద లేని కొమ్మును గురించి ఇన్ని శతాబ్దాలు వాదించిన సంప్రదాయం, అదే కుందేటి కడుపులో ఉండి కంటికి కనిపించక, చెడిపోతే ప్రాణం తీసే మూత్రపిండాన్ని గురించి అడిగింది లేదు. అందుకు ఆ శాస్త్రకారులను తప్పుపట్టడం న్యాయం కాదు గాని, అల్ట్రాసౌండ్ యంత్రం వచ్చిన తర్వాత ఆ ప్రశ్నను వారి పరిభాషలోనే అడగడానికి వీలు కలిగింది: నోరులేనిదీ, బాధను దాచుకునేదీ అయిన జీవి దేహంలోపలి స్థితి ఏ ప్రమాణం చేత తెలుస్తుంది, అలా తెలుసుకున్నవారు ఆ తెలివికి ఎంతవరకు బాధ్యులవుతారు?

ఈ ప్రశ్నను మహారాష్ట్రలోని షోలాపూర్ నేతపేటల్లో నిలబెట్టి చూడడానికి కారణం ఉంది. పందొమ్మిదో శతాబ్ది నుంచి కరువుకూ అప్పులకూ తాళలేక కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలు విడిచి వచ్చిన పద్మశాలీలు, 1877లో మొదలైన పాత మిల్లు మొదలుకొని నగరంలో వెలసిన నూలు మిల్లుల్లోనూ, సొంత చేమగ్గాల మీదా, ఆపైన పవర్‌లూముల మీదా బతుకు కట్టుకొని, స్థానికులు పూర్వ భాగ్ అని పిలిచే తూర్పు పేటలను తెలుగు పేటలుగా మార్చారు. సాఖర్ పేఠ, దాజీ పేఠ, భద్రావతి పేఠ వంటి పేటల్లో మరాఠీ, కన్నడం కలిసిన తెలుగు నేటికీ ఇంటి భాష. పద్మశాలీల కులపురాణం ప్రకారం మార్కండేయ మహర్షి కొడుకైన భావనాఋషి తామరతూళ్ల నారతో దేవతలకు వస్త్రం నేశాడు, సూర్యుని కూతురు భద్రావతిని పెళ్లాడాడు. ఏటా శ్రావణ పౌర్ణమి నాడు మార్కండేయుని రథం ఈ పేటల వీథుల్లో ఊరేగుతుంది. మగవారు చద్దర్లు, టెర్రీ టవళ్లు నేసే కార్ఖానాలకు వెళితే, ఆడవారు తునికాకు కత్తిరించి బీడీలు చుడతారు. ఒకే గోడకు అటు మగ్గాలు, ఇటు వంటగది ఉండే ఇళ్లు ఇక్కడ కొత్త కాదు.

పిల్లల ముచ్చట కోసం తెచ్చిన తెల్ల కుందేలు ఇలాంటి ఇంట్లో బతకవలసి వస్తే దాని మూత్రపిండాలకు ఆ ఊరే మొదటి పరీక్ష పెడుతుంది. కుందేలు కిలో బరువుకు రోజుకు సుమారు 50 నుంచి 150 మిల్లీలీటర్ల నీరు తాగుతుంది; అంటే తన పరిమాణానికి అది తాగేది చాలా ఎక్కువ. ఉజని జలాశయం నుంచి నీరు వచ్చే షోలాపూర్‌లో కుళాయి ఏళ్ల తరబడి రోజు విడిచి రోజు కాదు, అంతకంటే ఎక్కువ ఎడంతో వస్తూండడం, ఎండాకాలంలో వేడి 40 డిగ్రీలు దాటడం అందరికీ తెలిసినవే. నీరు పట్టి దాచుకునే ఇంట్లో మనుషుల బిందెలు నిండిన తర్వాత గాని గూటిలోని చిప్ప గుర్తుకు రాకపోతే అది నిర్దయ అనిపించుకోదు, కాని మూత్రపిండానికి ఆ తేడా తెలియదు. (శాస్త్రాల్లోని శశం మన పొలాల్లో తిరిగే చెవులపిల్లి అనీ, గూటిలోని తెల్లది ఐరోపా జాతికి చెందిన పెంపుడు కుందేలు అనీ ప్రాణిశాస్త్రవేత్త గుర్తుచేయవచ్చు, కొమ్ము రెంటికీ లేదు గనుక ఇక్కడి వాదానికి లోటు రాదు.)

కుందేటి మూత్రపిండం ఇతర క్షీరదాల మూత్రపిండానికి అన్నివిధాలా నకలు కాదు. చాలా జంతువుల పేగు ఆహారంలోని కాల్షియంలో అవసరమైనంతే పీల్చుకొంటుంది. కుందేలు మాత్రం మేతలో ఎంత ఉంటే అంతకు తగ్గట్టు, డి విటమిన్ ప్రమేయం పెద్దగా లేకుండానే, రక్తంలోకి పీల్చుకొని, మిగిలినదాన్ని మూత్రపిండాల గుండా బయటికి పంపుతుంది. తక్కిన క్షీరదాల్లో మూత్రం గుండా పోయే కాల్షియం 2 శాతం లోపు ఉంటే, కుందేలులో అది 45 నుంచి 60 శాతం దాకా ఉంటుందని పశువైద్య గ్రంథాలు చెబుతాయి. అందుచేతనే ఆరోగ్యంగా ఉన్న కుందేటి మూత్రం కూడా సున్నపునీళ్లలాగా మసకగా ఉంటుంది. కాల్షియం ఎక్కువగా ఉండే లూసర్న్ గడ్డి తెగమేసి, నీరు తక్కువ తాగి, కదలిక లేక గూటిలో పడి ఉన్న కుందేలులో ఆ మసక మూత్రాశయంలో ముద్దగా పేరుకుంటుంది, కొన్నిసార్లు రాయిగా గట్టిపడుతుంది, ఆ రాయి మూత్రపిండం నుంచి దిగే సన్నని నాళంలో ఇరుక్కుంటే పైనున్న మూత్రపిండం నీటితో ఉబ్బిపోతుంది.

కుందేటి మూత్రం ఒక్కోసారి ఎర్రగానూ వస్తుంది. మేతలోని ఆకుల రంగుపదార్థాల వల్ల రక్తాన్ని తలపించే ఎరుపు రావచ్చు. చూసినవారు హడలిపోయి మూత్రపిండం చెడిందనుకుంటారు. న్యాయశాస్త్రం దీనికి తగిన పేరు ఏనాడో పెట్టింది. ఒక గుర్తును బట్టి మరొకదాన్ని ఊహించేటప్పుడు ఆ గుర్తుకు హేతువు అని పేరు. సాధించవలసినది లేనిచోట కూడా కనిపించే హేతువు సవ్యభిచారం, అంటే దారితప్పే హేతువు, అనే దోషానికి గురవుతుంది. ఎరుపు రక్తంతోనూ వస్తుంది, రక్తం లేకుండానూ వస్తుంది గనుక దాన్నిబట్టి రక్తాన్ని నిశ్చయించరాదు. పరీక్షపట్టీతోనో సూక్ష్మదర్శినితోనో చూస్తే గాని నిజం తేలదు. తెలుగు సామెతలో తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని పట్టుపట్టే మనిషి ఉన్నాడే, అతడి అసలు లోపం లెక్క తప్పడం కాదు, ఇలాంటి రెండో పరీక్షకు ఒప్పుకోకపోవడం.

కుందేటి మూత్రం నుంచి నిజాన్ని రాబట్టిన ఊహల్లో అత్యంత ప్రసిద్ధమైనది ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్‌ది. ప్రయోగాత్మక వైద్యాన్ని గురించి 1865లో వెలువరించిన గ్రంథంలో ఆయన ఈ ఉదంతాన్ని వివరించాడు. బజారు నుంచి ప్రయోగశాలకు తెచ్చిన కుందేళ్ల మూత్రం మసకగా, క్షారంగా ఉండవలసింది పోయి తేటగా, ఆమ్లంగా ఉండడం గమనించి, ఇవి చాలాసేపు మేత లేక తమ ఒంటి మాంసాన్నే కరిగించుకొని బతుకుతున్నాయని, అంటే తాత్కాలికంగా మాంసాహారులయ్యాయని, ఊహించాడు. గడ్డి పెట్టగానే మూత్రం మళ్లీ మసకబారింది, పస్తు పెట్టగానే తిరిగి తేటపడింది. ఉన్నచోట ఉండడం, లేనిచోట లేకపోవడం అనే రెండింటినీ సరిచూసే ఈ పద్ధతిని మన తార్కికులు అన్వయవ్యతిరేకాలంటారు. అయితే అదే బెర్నార్డ్ బతికున్న జంతువులను కోసి చూడడాన్ని శాస్త్రానికి తప్పనిసరి మార్గంగా సమర్థించినవాడు. ఆయన భార్యా కుమార్తెలు అందుకు ఎదురు తిరిగి జంతుహింసా వ్యతిరేకుల పక్షాన నిలిచారు. చూడాలంటే కోయాలి, కోస్తే హింస, కోయకపోతే అజ్ఞానం అన్న ఆ ఇంటి తగవు వాదంతో తీరలేదు. దాని పదును తగ్గించింది ఎక్కువగా లోహాల వల్ల వచ్చిన విద్య.

1880లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనుగొన్నారు. విద్యుత్తు పంపితే అవే స్ఫటికాలు కంపిస్తాయని ఆ వెంటనే తేలింది. మనిషి చెవికి అందనంత ఎక్కువ వేగంతో కంపించి పుట్టించిన శబ్దాన్ని లోహంలోకి పంపి, లోపలి పగుళ్ల నుంచి వచ్చే ప్రతిధ్వనిని పట్టే యంత్రాలు కార్ఖానాల్లో వాడుకలోకి వచ్చాక, గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే వైద్యుడు అలాంటి యంత్రాన్నే మనిషి కడుపు మీద ప్రయోగించి, తన సహచరులతో కలిసి 1958లో ఫలితాలు ప్రకటించాడు. ఆ యంత్రపు వారసురాలినే షోలాపూర్‌లో జనం సోనోగ్రఫీ అంటారు. దాని పనితీరు చెప్పుకోవడానికి సులువైనదే: చర్మానికి ఆనించిన పరికరం శబ్దాన్ని పంపుతుంది, అవయవాల సరిహద్దుల వద్ద అందులో కొంత వెనక్కి తిరుగుతుంది, తిరిగి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి యంత్రం లోతును లెక్కగట్టి ఆ చోట ఒక చుక్క వెలిగిస్తుంది. ఒక సెంటీమీటరు లోతుకు వెళ్లి రావడానికి శబ్దానికి సెకనులో పది లక్షల వంతులు సుమారు 13 పడతాయి. మనిషి కడుపుకు మూడు నుంచి అయిదు మెగాహెర్ట్జ్ శబ్దం చాలితే, మూడు నాలుగు సెంటీమీటర్ల కుందేటి మూత్రపిండానికి ఏడున్నరకు పైబడిన శబ్దం కావాలి. వేగంగా కంపించే కొద్దీ శబ్దం సూక్ష్మాన్ని చూపుతుంది, కాని లోతుకు దిగలేదు.

తెరమీద కనిపించేది ప్రత్యక్షమా, అనుమానమా అన్నదే ఇక్కడి ముఖ్య విచారం. ప్రత్యక్షమంటే ఇంద్రియం వస్తువుతో తగలడం వల్ల కలిగే జ్ఞానం; అనుమానమంటే, వాడుకలోని సందేహమనే అర్థంలో కాక, హేతువు ద్వారా సాధ్యాన్ని నిశ్చయించే ప్రమాణం. తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దిలో బాలబోధగా రాసిన తర్కసంగ్రహం చదివిన విద్యార్థి కూడా అనుమానానికి ప్రాణం వ్యాప్తి అని చెబుతాడు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్నటువంటి తప్పని సాహచర్య నియమమే వ్యాప్తి. ఈ కొలతతో చూస్తే తెరమీది బూడిదరంగు బొమ్మలో కన్ను తాకేది కాంతిచుక్కలనే గాని మూత్రపిండాన్ని కాదు. ఆ చుక్కల నుంచి మూత్రపిండానికి చేరడానికి, మెత్తని కణజాలమంతటా శబ్దం సెకనుకు 1540 మీటర్ల వేగంతోనే పోతుందనీ, నిటారుగా వెళ్లి నిటారుగానే తిరిగి వస్తుందనీ యంత్రం లోపల అచ్చువేసిన నియమాలను నమ్మాలి. అవే ఇక్కడి వ్యాప్తులు. కొవ్వులో శబ్దం కాస్త మెల్లగా, ఎముకలో చాలా వేగంగా పోతుంది గనుక ఆ నమ్మకం ఎల్లవేళలా నిజం కాదు. అందుచేత సోనోగ్రఫీ బొమ్మను లోపలి ఫోటో అనుకోవడం మొదటి పొరపాటు. అది యంత్రం చేసిన వేలాది అనుమానాల సముదాయం, దానిమీద వైద్యుడు మరో అనుమానం కడతాడు.

శబ్దాన్నిబట్టి కనిపించనిదాన్ని నిశ్చయించడం నేతపేటకు పరాయి విద్య కాదు. పది పవర్‌లూములు ఏకధాటిగా మోగే కార్ఖానాలో ఒకదాని చప్పుడులో తాళం మారితే, అవతలి వరుసలో వీపు తిప్పి నిలబడ్డ పనివాడు పేక తెగిందనో, నాడె సరిగా పెట్టెలో పడడం లేదనో తలతిప్పకుండానే గ్రహిస్తాడు. అతడి ఆ జ్ఞానాన్ని ఎవరూ ప్రత్యక్షమనరు, ఎవరూ ఊహాగానమని కొట్టిపారేయరు. మగ్గం దగ్గరికి వెళ్లి చేత్తో తడిమి చూసేదాకా అతడు పని ముగిసిందనుకోడు కూడా. సోనోగ్రఫీ గదిలో కొరవడేది తరచు ఈ చివరి అడుగే.

మూత్రపిండాన్ని చూసేటప్పుడు వైద్యుడు వెతికే గుర్తులు కొన్ని ఉన్నాయి. వెలుపలి పొర అయిన వల్కలం కాలేయంతో సమానంగా గాని, దానికంటే కాస్త నల్లగా గాని ఉండాలి. లోపలి మజ్జభాగం ఇంకా నల్లగా, నడిమి కొవ్వు తెల్లగా కనిపించాలి. రెండు పొరల మధ్య గీత స్పష్టంగా ఉండాలి. అంచు నున్నగా ఉండాలి. మూత్రాన్ని సేకరించే కుహరం నల్లగా విప్పారితే కింద ఎక్కడో అడ్డు ఉందని అర్థం. రాయి తెల్లగా మెరిసి, తన వెనుక నల్లని నీడను పడేస్తుంది. అయితే మూత్రపిండపు గుండ్రని అంచుల వద్ద శబ్దం వంగి చెదిరిపోవడం వల్ల రాయి లేకుండానే నీడ పడుతుంది. నీరు నిండిన సంచి వెనుక గోడ వ్యాధి లేకుండానే మెరిసిపోతుంది. బలమైన అద్దంలాంటి పొర దగ్గర ఒకే వస్తువు రెండుచోట్ల కనిపిస్తుంది. ముత్యపుచిప్పలో వెండి కనబడే భ్రమను గురించి నైయాయికుడు ఎక్కడో చూసిన వెండి ఇక్కడ ఉన్నట్టు తోచిందంటాడు, అద్వైతి ఉన్నదనీ లేదనీ చెప్పరాని వెండి అప్పటికి పుట్టిందంటాడు. తెరమీది దొంగనీడకు నైయాయికుని వివరణే బాగా అతుకుతుంది: నీడ నిజంగానే ఉంది, దాన్ని రాయికి అంటగట్టడంలోనే తప్పు జరిగింది. పరికరాన్ని పక్కకు జరిపి మరో కోణంలో చూసినప్పుడు అంచునీడ మాయమై రాయినీడ నిలిస్తే వివాదం తీరిపోతుంది.

తోచినదాన్ని సరిచూడడం కంటే కష్టమైనది తోచనిదాన్ని గురించి మాట్లాడడం. రాయి కనబడలేదు అన్న వాక్యం నుంచి రాయి లేదు అన్న వాక్యానికి ఎప్పుడు దాటవచ్చు? కుందేటి కొమ్ము ఇక్కడే పనికొస్తుంది. భాట్టమీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని, అంటే తెలియరాకపోవడాన్ని, అభావజ్ఞానానికి వేరే ప్రమాణంగా అంగీకరించారు గాని దానికొక షరతు పెట్టారు: వస్తువు ఉండి ఉంటే తప్పక తెలిసి ఉండేదన్న యోగ్యత కావాలి. పగటి వెలుగులో కుందేటి తల చూసి కొమ్ము లేదనవచ్చు, ఎందుకంటే ఉంటే కనబడి తీరేది. చీకటి గదిలో కుండ కనబడలేదు గనుక కుండ లేదనడం చెల్లదు. కుందేటి కడుపులో సగానికి పైగా అంధనాళమూ పేగులూ ఆక్రమించుకొని ఉంటాయి, వాటినిండా పులిసే మేత, గాలి ఉంటాయి, గాలి శబ్దాన్ని తెగగొట్టేస్తుంది. కుడి మూత్రపిండం ఎడమదానికంటే ముందుకు జరిగి, కాలేయాన్ని ఆనుకొని, చివరి పక్కటెముకల కింద దాగి ఉంటుంది. కాబట్టి గాలి అడ్డుపడి కుడి మూత్రపిండపు పై కొన చూడలేకపోయినప్పుడు అక్కడ రాయి లేదని రాసిన నివేదిక చీకటి గదిలో కుండను కాదన్నట్టే. ఏది చూశారో దానితోపాటు ఏది చూడలేకపోయారో కూడా రాయడం నివేదికలో మర్యాద కోసం చేర్చే మాటగా చాలామంది భావిస్తారు. ప్రమాణశాస్త్రం దృష్టిలో ఆ మాట లేని నివేదికకు ప్రామాణ్యమే లేదు.

ఆకారం బాగుందంటే పని బాగుందనే నిశ్చయం కూడా కుదరదు. మూత్రపిండం పనిచేస్తున్నదో లేదో రక్తంలోని యూరియా, క్రియాటినిన్ చెప్పాలి. అవైనా మూత్రపిండపు పనిలో సుమారు మూడు వంతులు పోయాక గాని బాగా పెరగవు. కుందేళ్లలో ఎన్‌సెఫాలిటోజూన్ కునిక్యులై అనే సూక్ష్మజీవి, 1922 నాటికే శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది, మూత్రం గుండా ఒకదాని నుంచి మరొకదానికి వ్యాపించి మూత్రపిండాన్ని లోలోపల గుంటలుపడేలా తినేస్తుంది. కొన్నిటిలో మెడ పక్కకు వాలిపోతుంది, వెనుక కాళ్లు చచ్చుపడతాయి. కుంచించుకుపోయి, అంచు గతుకులుపడి, పొరల మధ్య గీత చెరిగిపోయిన మూత్రపిండం తెరమీద కనిపిస్తే అది ఎన్నడో జరిగిన గాయానికి మచ్చ. న్యాయసూత్రాల్లో కార్యం నుంచి కారణానికి వెళ్లే అనుమానానికి శేషవత్తని పేరు. ఏరు నిండుగా పారడం చూసి ఎగువన వాన కురిసిందనుకోవడం దానికి వ్యాఖ్యాతలిచ్చిన ఉదాహరణ. ఎగువన కురిసింది ఈ సూక్ష్మజీవేనా, మరొకటా అన్నది మచ్చ చెప్పదు. రక్తంలో దానికి ఎదురైన ప్రతిరక్షకాలు దొరికినా అవి ఎప్పుడో సోకిందనే చెబుతాయి గాని ఇప్పటి రోగానికి అదే కారణమని చెప్పవు.

కోయకుండా చూసే విద్య హింస లేని విద్య అని తొందరపడి అనడానికి లేదు. పరీక్షబల్లను దగ్గరగా చూస్తే సంగతి తేటపడుతుంది. బొచ్చులో చిక్కుకున్న గాలి శబ్దాన్ని ఆపుతుంది గనుక పక్కటెముకల వెనుక బొచ్చు గొరగాలి. కుందేటి చర్మం ఎంత పలుచనంటే కత్తెరయంత్రం కాస్త వాలితే చిరిగిపోతుంది. వెనుక కాళ్ల బలం ఎంతంటే, సరిగా ఆనించి పట్టుకోకపోతే తన్నుకున్న తన్నుకు తన వెన్నే విరగ్గొట్టుకుంటుంది. చల్లని జెల్లు పూయగానే ఉలిక్కిపడుతుంది. ఆకలితో ఉంచితే దాని పేగు ఆగిపోతుంది గనుక మనిషికి చెప్పినట్టు పరగడుపున తీసుకురమ్మనడం దానికి ప్రమాదం. అన్నిటికంటే మోసపుచ్చేది దాని నిశ్చలత్వం: వెల్లకిలా పడుకోబెడితే కుందేలు కదలకుండా, కళ్లు తేలేసి, సుఖంగా నిద్రపోయినట్టు ఉండిపోతుంది. అది శాంతి కాదని, వేటాడే జంతువు నోట చిక్కినప్పటి భయపు బిగుసుపాటని పరిశోధకులు చెబుతున్నారు. నిశ్చలతను సమాధిగా భావించే సంస్కారం ఉన్న దేశంలో ఈ హెచ్చరికకు ఎక్కువ విలువ ఉండాలి. బోర్లా, సహజంగా కూర్చోబెట్టి, ముఖం ఇంటివారి చేతి మడతలో దాచుకోనిచ్చి, పక్క నుంచి పరికరం ఆనించినా మూత్రపిండం కనబడుతుంది. కాస్త సమయం పడుతుంది, అంతే.

బౌద్ధుల శశజాతక కథలో అతిథి ఆకలి తీర్చడానికి నిప్పులోకి దూకబోయిన కుందేలు, దూకే ముందు ఒంటిని మూడుసార్లు దులుపుకుంటుంది, తన బొచ్చులో ఉన్న పురుగులు తనతోపాటు కాలిపోకూడదని. దేహదానం చేసినందుకు చంద్రబింబం మీద దాని బొమ్మ వెలిసిందన్న ముగింపునే లోకం గుర్తుపెట్టుకుంది గాని, నీతిశాస్త్రం దృష్టికి ఆ దులుపుకోవడమే గొప్పది: ఇచ్చేవాడి ఇష్టం ఇచ్చేవాడి దేహానికే వర్తిస్తుంది, అందులో ఆశ్రయం పొందిన వారికి వర్తించదు. పరీక్షబల్ల మీది కుందేలు ఏదీ ఇవ్వలేదు. దానికి బదులు ఇష్టపడినది మనిషి. పరాయి దేహం తరఫున ఇష్టపడేవారికి ఆ దేహానికి కలిగే ప్రతి చిన్న ఇబ్బందికీ లెక్క చెప్పవలసిన బాధ్యత ఉంటుంది, ఆ బాధ్యతను పరీక్ష వల్ల కలిగే మేలు తగ్గిస్తుందే గాని రద్దు చేయదు.

మేలు కలుగుతుందన్న హామీ యంత్రంలో లేదన్న సంగతి మహారాష్ట్రకు మరింత బాగా తెలుసు. కడుపులోని బిడ్డ ఆడో మగో చెప్పడానికి ఈ యంత్రాన్నే వాడి ఆడపిండాలను తొలగించే దురాచారాన్ని అరికట్టడానికి దేశంలో మొట్టమొదట 1988లో చట్టం చేసినది ఆ రాష్ట్రమే; 1994లో కేంద్ర చట్టం వచ్చింది, 1996 జనవరి 1 నుంచి అమలైంది, 2003లో మరింత బిగిసింది. లింగనిర్ధారణ ఇక్కడ జరగదన్న పలకను వేలాడదీయడం ప్రతి సోనోగ్రఫీ గదికీ చట్టరీత్యా తప్పనిసరి. రోగనిర్ణయ యంత్రాల్లో ఇలా తన తలుపు మీదే తన పాపాన్ని రాసుకొని నిలబడ్డది మరొకటి కనిపించదు. తెలుసుకోవడం ఎప్పుడూ మంచిదేనన్న నమ్మకాన్ని ఆ పలక ఖండిస్తుంది. కుందేటి మూత్రపిండం విషయంలోనూ అదే ప్రశ్న వేరే రూపంలో వస్తుంది: వైద్యం చేయించే ఉద్దేశం గాని, మేత మార్చే ఉద్దేశం గాని లేనివారు వేడుకకో, తమ మనసు కుదుటపరచుకోవడానికో స్కాన్ చేయిస్తే, ఆ జీవి పడ్డ భయానికి ఎదురు దానికి దక్కేది ఏమీ లేదు. ఫలితం ఏదైనా చేసేది ఒకటే అయినప్పుడు పరీక్ష చేయించకపోవడమే దయ.

వెయ్యి బీడీలకు ఇంత అని కూలి లెక్కపెట్టుకునే ఇంటికి ఖర్చు మాట ముందు వస్తుంది, రావడంలో తప్పూ లేదు. జైన తత్త్వార్థసూత్రం జీవులను ఇంద్రియాల సంఖ్యనుబట్టి వరుసపెట్టి, పశువులను మనిషితోపాటు అయిదు ఇంద్రియాల తరగతిలో చేర్చింది; జీవరాజ జైన గ్రంథమాల ద్వారా ఎన్నో జైన శాస్త్రాలను అచ్చువేసిన ఊరు షోలాపూరే. ఆ వరుసను తు.చ. తప్పక పాటిస్తే కుందేటి బాధకూ మనిషి బాధకూ తరగతి భేదం ఉండదు. కాని గృహస్థుకు అణువ్రతాలు, సన్న్యాసికి మహావ్రతాలు అని జైనమే మెట్లు ఏర్పరచింది, అది లోకజ్ఞానం. పిల్ల ఫీజు ఆపి కుందేలుకు స్కాన్ చేయించమని ఏ ధర్మశాస్త్రమూ అనదు. అయితే ఖర్చులేని పనులు చేయకుండా ఖర్చుతో కూడిన పనికి డబ్బు లేదని సరిపెట్టుకోవడాన్నీ ఏ శాస్త్రమూ ఒప్పదు: చిప్పలో నీరు రెండుపూటలా మార్చడం, లూసర్న్ తగ్గించి ఎండుగడ్డి పెంచడం, గూటిని మగ్గాల మోత నుంచీ పొగాకు దుమ్ము నుంచీ దూరంగా జరపడం, తడిగోనె కప్పి చల్లబరచడం. పన్నెండో శతాబ్దిలో సిద్ధరామేశ్వరుడు ఈ ఊరిలో చెరువు తవ్వించడాన్నే శివపూజగా నడిపాడని కన్నడ, మరాఠీ, తెలుగు జనమంతా చెప్పుకుంటారు. దాహం తీర్చడం మోక్షమార్గమైన చోట చిప్పలోని నీటిని చిన్న సంగతి అనడం కుదరదు. ఇవన్నీ చేశాక కూడా కుందేలు మేత మానితే, పళ్లు నూరితే, మూత్రానికి ముక్కితే అప్పుడు సోనోగ్రఫీకి అర్థం ఉంది; ఉద్‌గీర్, శిర్వళ్ పశువైద్య కళాశాలల వంటి చోట్ల దానికి తగిన విద్య ఉంది.

రెండు మూత్రపిండాలూ కుంచించుకుపోయాయని తేలినప్పుడు మిగిలే ప్రశ్న మార్కండేయుని వంశంవారమని చెప్పుకునే పేటకు కొత్తది కాదు. పదహారేళ్లకు చావు రాసిపెట్టి ఉందని ముందే తెలిసిన బాలుడు శివలింగాన్ని కౌగిలించుకొని యముణ్ణి తప్పించుకున్న కథను, ఆయుర్దాయం తెలిస్తే దాన్ని గెలవవచ్చుననే ధైర్యంగా చదవడం కద్దు. కథను నిదానంగా చూస్తే ముందస్తు జ్ఞానం మార్కండేయునికి చావును తప్పించలేదు, తప్పించినది వరం. జ్ఞానం చేసినదల్లా మిగిలిన కాలాన్ని ఎటు తిప్పాలో చూపడం. కుంచించుకుపోయిన మూత్రపిండాన్ని ఏ మందూ తిరిగి పెంచదు. చర్మం కింద ఎక్కించే సెలైన్, నీటిశాతం ఎక్కువగల తాజా ఆకులు, నొప్పి మందులు కొన్ని వారాలనో నెలలనో తేలికపరుస్తాయి. ఆ తర్వాత మందుతో ప్రాణం తీసి బాధ ముగించాలా, ఉన్నన్నాళ్లు ఉండనివ్వాలా అన్నచోట పశువైద్యుడూ, జైనుడూ, శైవుడూ ఒకమాట మీద ఉండరు. కర్మ అనుభవించి తీరవలసిందేననే వాదం తన దేహం విషయంలో తాను చెప్పుకుంటే గౌరవించదగినదే గాని, తన మాట చెప్పుకోలేని జీవి మీద మోపితే మోపినవారి సౌకర్యానికే ఎక్కువగా పనికివస్తుంది. ప్రాణం తీయనివ్వని ఇల్లు నొప్పి మందు ఆపకూడదు, సెలైన్ ఎక్కించడం నేర్చుకోవాలి, పూటకెంత తాగిందో, ఎన్ని పెంటికలు వేసిందో చూసుకుంటూ ఉండాలి. అది చేయలేని ఇల్లు వైద్యుని సూదిని కాదనే హక్కును ఏ శాస్త్రం నుంచి తెచ్చుకుంటుందో చెప్పడం కష్టం.